బ్రేకుల్లేని సైకిళ్ళ మీద పాపికొండలకు

మొన్న మా చిన్నబ్బాయి తన కొడుక్కి సైకిలు కొనడానికి భీమవరం వెళ్తూ, ఇంట్లో ఒక్కరూ కూర్చుని ఏం చేస్తారు, మీరూ రండమ్మా అని నన్నూ దుకాణానికి తీసుకెళ్ళాడు. అమ్మే ఆయన మంచి మాటకారి, గేర్ల సంగతి చెప్పాడు, సీటు సంగతి చెప్పాడు, చివరికి వంగి చక్రం మధ్యలో ఉన్న పళ్ళెం లాంటి బిళ్ళను చూపించి ఇవి డిస్కు బ్రేకులండి, కొండ మీద నుంచి దిగినా సైకిలు మన మాట వింటుందండి అన్నాడు. అంతే, నాకు నవ్వు ఆగలేదు. పక్కకు చూస్తే మా చిన్నబ్బాయి కూడా తల వంచుకుని భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. పాపం ఆ అమ్మే ఆయన తనేదో అనకూడని మాట అన్నాననుకుని బిక్కమొహం వేశాడు గానీ, కొండలూ బ్రేకులూ ఒకే మాటలో వినిపిస్తే మా ఇంట్లో ఎవరికైనా నవ్వు వస్తుందని ఆయనకేం తెలుసు!

మా డెల్టా నేల సంగతి మీలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు. చాప పరిచినట్టు ఉంటుంది. ఎత్తు అంటే మాకు తెలిసింది కాలవగట్టు, ఇంకా ఎత్తంటే కొవ్వూరు దగ్గర గోదావరి మీద వంతెన. అలాంటి చోట సైకిలుకు బ్రేకెందుకు చెప్పండి? పైగా రొయ్యల చెరువుల ఉప్పుగాలికి బ్రేకు కడ్డీలు తుప్పు పట్టి, ఆరు నెలలకే బిగుసుకుపోయి చక్రాన్ని పట్టేసేవి. దాంతో సైకిలు కొన్న ఏడాదికల్లా వాటిని ఊడదీసి కొట్టంలో పడేయడం మా వైపు మామూలే. ఆగాలంటే కాలు కింద పెడతాం, ఇంకా తొందరగా ఆగాలంటే చెప్పును ముందు టైరుకు ఆనిస్తాం. ఇదే సైకిలు తొక్కే పద్ధతని పుట్టినప్పటి నుంచీ నమ్మిన మనుషులం.

ఇంతకీ ఇరవై ఏళ్ళ కిందటి ఆ పాపికొండల సైకిలు ప్రయాణం నా ముచ్చట కోసం మొదలైంది కాదు. మా అక్క చిన్నకూతురు అప్పుడు పదో తరగతి చదువుతోంది. చదువులో చురుకైన పిల్ల. రాజమండ్రిలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదవాలని దాని కోరిక, సీటు తప్పకుండా వస్తుందని వాళ్ళ టీచరుగారు కూడా చెప్పారు. బావగారు మాత్రం ససేమిరా అన్నారు. ఆయనకు చదువంటే ఇష్టం లేక కాదు. ఆ పిల్ల ఒక్క పూట కూడా ఇల్లు విడిచి ఉన్నది కాదు. ఒకసారి బంధువుల పెళ్ళికని పంపిస్తే వెళ్ళిన సాయంత్రమే ఫోను చేసి కారు పంపమంది. అదే మాట పట్టుకుని, రాజమండ్రి పంపిస్తే వారం తిరక్కుండా కారు పంపమంటారు, భీమవరంలో కాలేజీలకేం కరువొచ్చింది అనేవారు బావగారు. మా ఇళ్ళలో కన్నపిల్లల్ని కూడా మీరనే అంటారు, అందుకని ఆయన కాదనడం కూడా ఎంతో మర్యాదగా ఉండేది. మర్యాదగా కాదన్న మాటను కదిలించడం మరీ కష్టం.

ఆ రోజు మేమంతా అక్కావాళ్ళ వసారాలో ఉన్నాం. మా ఇద్దరబ్బాయిలు, ఒకడు తొమ్మిది, ఇంకొకడు ఎనిమిది చదువుతున్నారు, డిసెంబరు సెలవుల్లో సైకిళ్ళ మీద పాపికొండల అడవికి వెళ్తామని అప్పటికి నెలరోజులుగా నా ప్రాణం తీస్తున్నారు. ఆ మాటల్లో అమ్మాయి ఉన్నట్టుండి వాళ్ళ నాన్నగారి ముందుకొచ్చి నిలబడి, నేను కూడా తమ్ముళ్ళతో వెళ్తానండి, కారు పంపమని ఒక్కసారి కూడా అడక్కుండా తిరిగొస్తే నన్ను రాజమండ్రి పంపిస్తారా అని అడిగింది. బావగారు చిన్నగా నవ్వారు.

"ఆయ్, అలాగే వెళ్ళండి. కానీ మన ఇంటి ఆడమనిషి ఒకరు తోడుండాలి. వెనకాల కారులో కాదండి, సైకిలు మీదే."

మా రెండిళ్ళలోనూ సైకిలెక్కిన ఆడమనిషి లేదు. మా అమ్మమ్మగారి కాలంలో ఆడవాళ్ళు తెరలు కట్టిన బండిలో తప్ప గడప దాటేవారు కాదు, మా కాలానికి ఆ తెర పోయి కారు అద్దం వచ్చింది, అంతే తేడా. ఆ సంగతి తెలిసే బావగారు ఆ షరతు పెట్టారు. అమ్మాయి మొహం చూశాను. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. అలా గోడకేసి చూస్తూ నిలబడిపోయింది. నా నోట్లోంచి నేను వెళ్తానండి బావగారూ అన్న మాట ఎలా వచ్చిందో ఈనాటికీ నాకు తెలియదు. బావామరదళ్ళ వేళాకోళాలు మా ఇళ్ళలో లేవు, ఆయన గదిలోకి వస్తే లేచి నిలబడేవాళ్ళం. అలాంటిది, అంతమంది ముందు ఆయన మాటకు నేను ఎదురు మాట చెప్పాను. నాకప్పుడు నలభై ఆరేళ్ళు.

ఇక నేర్చుకోవడం చూడాలి! తెల్లవారకముందే మావారు, నేను చెరువుగట్టు మీదికి వెళ్ళేవాళ్ళం. మేత బస్తాలు మోసే పాత సైకిలు నాది. మావారు సీటు పట్టుకుని వెనకాల పరిగెత్తేవారు, నేను పట్టుకున్నారా పట్టుకున్నారా అని అరుస్తూ తొక్కేదాన్ని, ఆయన ఎప్పుడో వదిలేసి పట్టుకున్నాను పట్టుకున్నాను అని దూరం నుంచి అనేవారు. రెండుసార్లు చెరువులో పడ్డాను. చీరతో కుదరదని తేలాక, పెళ్ళయ్యాక మొదటిసారి పంజాబీ డ్రస్సు కుట్టించుకుంటే మా అత్తగారు కొన్నాళ్ళు నాతో మాట్లాడటం మానేశారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు, వాళ్ళ అమ్మాయి చదువుకు నీ తాపత్రయమేమిటని చుట్టుపక్కల ఆడవాళ్ళు అన్నారు. ఏం చెప్పను? నెల తిరిగేసరికి నేను పడకుండా గట్టు చివరిదాకా వెళ్ళి, చెప్పు టైరుకు ఆనించి ఠీవిగా ఆగడం నేర్చుకున్నాను.

బయల్దేరే ముందు పిల్లలు నాలుగు సైకిళ్ళూ కడిగి, నూనె వేసి, ట్యూబులకు అతుకులు వేయించి, గంటలు బిగించి, రంగు కాగితాలు కూడా అంటించారు. మా ఊరి సైకిలుషాపు ఆయన ప్రతి నట్టూ తిప్పి చూసి అంతా భేషుగ్గా ఉందండి అన్నాడు. బ్రేకుల మాట ఆయనకూ తోచలేదు, మాకూ తోచలేదు. పళ్ళు తోముకున్నామా లేదా అని ఎవరైనా ఇంకొకరిని అడుగుతారా? అలాగే ఇదీ.

మొదటి రోజు తణుకు దాకా తొక్కేసరికే నా నడుం నాది కాకుండా పోయింది గానీ, దానికన్నా పెద్ద కష్టం బంధువులు. దారి పొడుగునా మాకు చుట్టాలున్న ఊళ్ళే. సైకిళ్ళ మీద వచ్చామని జాలిపడి, మామూలుగా పెట్టేదానికి రెట్టింపు పెట్టారు. తణుకులో మా మేనత్తగారింట్లో కోడికూర, రొయ్యల వేపుడు, పులస దొరకలేదని క్షమాపణతో మరో రెండు రకాల చేపలు, ఆ పైన గడ్డపెరుగు, ఇంకొంచెం అండి, ఇంకొక్క ముద్దండి అని బతిమాలి తినిపించేసరికి, మర్నాడు పొద్దెక్కినా ఎవరికీ సైకిలెక్కే ఓపిక లేదు. చెరకు గానుగాడే రోజులు కావడంతో రోడ్డంతా చెరకు లారీలే, ఊరు దాటేదాకా తియ్యటి పాకం వాసన వెంట వచ్చింది. మేము ఎంత నెమ్మదిగా వెళ్ళామంటే, చద్ది మూట సైకిలుకు కట్టుకుని పొలం పోతున్న ఓ ముసలాయన మమ్మల్ని దాటిపోయి, వెనక్కి తిరిగి, నవ్వుతూ మళ్ళీ మా కోసం ఆగాడు. కొవ్వూరులో రెండో మజిలీ చేసి, పట్టిసీమ దగ్గర ఏటి మధ్యనున్న వీరభద్రస్వామికి ఒడ్డు మీంచే దణ్ణం పెట్టుకుని, పోలవరం దాటి అడవి దారి పట్టాం. అటవీ శాఖ చెక్‌పోస్టు దగ్గర ఉన్న ఆయన నన్నూ నా సైకిలునీ మార్చి మార్చి చూసి, అమ్మగారూ మీరు కూడానా అండీ అన్నాడు. ఆ మాటకు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

ఆ తర్వాత నేల పైకి లేచింది. మా పిల్లలు చిత్రం చూసినట్టు చూశారు. కాసేపు తొక్కి, తర్వాత దిగి నడిపించి, నేనైతే సైకిలు మీద ఆనుకుని దాంతో పాటే ఈడ్చుకుంటూ ఎక్కాను. రెండు పక్కలా వెదురు పొదలు, టేకు చెట్లు, ఎక్కడో నీళ్ళు పారుతున్న చప్పుడు, పేరు తెలియని పిట్టల గోల. పైకి చేరాక చల్లటి గాలి తగిలి అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఇక దిగడమే కదా, తొక్కక్కర్లేదు కూడా అని హుషారుగా అందరికన్నా ముందు నేనే సైకిలెక్కాను.

మొదట భలే హాయిగా ఉంది. తర్వాత హాయి ఎక్కువైంది. ఆపైన చెట్లు వరుసగా వెనక్కి పరుగెత్తడం మొదలుపెట్టేసరికి, నాకు తెలిసిన విద్య ప్రకారం చెప్పు టైరుకు ఆనించాను. చెప్పు కాలి వాసన వచ్చింది, ఆ వెంటనే ఊడి ఎటో ఎగిరిపోయింది. కాలు కింద పెట్టబోయాను. వెదురు పొదలో కళ్ళు తెరిచాను. వెనకాల వస్తున్న పిల్లలు నన్ను చూసి భయపడి, కొండ వైపు ఉన్న ఎర్రమట్టి కట్టలోకి ఒకరి తర్వాత ఒకరు కావాలనే దూసుకెళ్ళి పడ్డారు. వాళ్ళకు మోచేతులు గీసుకున్నాయి. నాకు చీలమండ బెణికి చూస్తూండగానే వాచిపోయింది. సైకిళ్ళకు బ్రేకుల్లేవన్న సంగతి మాకు స్ఫురించింది అప్పుడు, ఆ మట్టిలో కూర్చుని. ఎవరు ముందు నవ్వారో గుర్తు లేదు గానీ, నొప్పితో ఏడుస్తూనే నేనూ నవ్వాను.

కాస్త కిందనే కొండరెడ్ల గూడెం ఒకటి ఉంటే పిల్లలు నన్ను మోసినంత పని చేసి అక్కడికి చేర్చారు. ఒక ఇంటి పెద్దావిడ నులకమంచం వేసి, వేడినీళ్ళు కాచి కాలికి కాపడం పెట్టింది. సాయంత్రమయ్యేసరికి నవ్వులన్నీ పోయి అసలు సంగతి ముందుకొచ్చింది. ముందుకు పోదామంటే ఇంకా దిగవలసిన కొండలున్నాయి, వెనక్కి పోదామన్నా అంతే. నా కాలు ఇలా ఉంది. మా పెద్దాడు పెద్దనాన్నగారికి ఫోను చేసి కారు పిలుద్దామన్నాడు. వాడన్నది తప్పు కాదు. నేను కూడా, దెబ్బ తగిలింది నాకు కాబట్టి నా పేరు చెప్పి కారు తెప్పించుకుందాం, అది మీరు అడిగినట్టు కాదు కదా అని అమ్మాయికి నచ్చజెప్పబోయాను.

అమ్మాయి నా మంచం పక్కన కింద కూర్చుని ఉంది. "కారు ఎవరి కోసం వచ్చినా అందులో నేనూ కూర్చోవాలి కదా పిన్నీ" అంది. నా కాలి మీద చెయ్యి వేసి, "మీకు ఓర్చుకోలేనంత నొప్పిగా ఉంటే నిజం చెప్పండి. ఇప్పుడే పిలుస్తాను. చదువు సంగతి తర్వాత" అంది.

కాలివేళ్ళు కదిలించి చూసుకున్నాను, కదిలాయి. ఎముకకేం కాలేదు, రెండు రోజులు కదపకుండా ఉంటే అదే తగ్గుతుందని చెప్పాను. అందులో సగం నిజం, సగం నా మొండితనం.

మర్నాడు పొద్దున్నే, గూడెం వెనక బండ ఎక్కితే మా దగ్గరున్న సెల్‌ఫోను పలుకుతుందని గూడెం వాళ్ళు చెబితే అమ్మాయి చిన్నాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళింది. అక్కడ జరిగింది చిన్నాడు వచ్చి చెప్పిందే. వాళ్ళ నాన్నగారు ఒక్క మోతకే ఫోను ఎత్తారట. ఈ పిల్ల చెప్పిన మాటలు ఇవి.

"నాన్నగారండీ, అందరం బాగానే ఉన్నామండి. కారు వద్దండి. నాలుగు సైకిళ్ళకీ బ్రేకులు పంపిస్తే చాలండి."

దానికి ఆయన, ఎన్ని అంగుళాల సైకిళ్ళండి అని అడిగారట. అంతే. ఎలా ఉన్నారనీ అడగలేదు, ఏం జరిగిందనీ అడగలేదు.

మా వైపు బస్సుకు ఇచ్చి పంపించని వస్తువు ఉండేది కాదు. ఆవకాయ జాడీలు, పెళ్ళి శుభలేఖలు, మందులు, మీగడ తీయని పెరుగు, అన్నీ డ్రైవరు పక్కన పెట్టి పంపేవాళ్ళం, అవతలి వాళ్ళు స్టాండులో నిలబడి అందుకునేవారు. ఆ గూడెం మీదుగా పోలవరం నుంచి రోజుకొక్క బస్సు వచ్చేది. భీమవరంలో వేసిన సంచి బస్సులు మారి మారి ఎప్పటికి వస్తుందో, అసలు వస్తుందో రాదో అనుకుంటూ రెండో రోజు మధ్యాహ్నం పిల్లలు రోడ్డు మీద కాపలా కాశారు. నన్ను కూడా మంచంతో సహా తీసుకెళ్ళి చెట్టు కింద కూర్చోబెట్టారు. బస్సు వచ్చింది. కండక్టరుగారు సంచి దించి, భీమవరం వారి అమ్మాయిగారెవరండి అని అడిగి ఇచ్చారు. ఎన్ని బస్సులు మారి వచ్చిందండీ ఇది అని నేను ఊరికే అడిగాను.

ఆయన తెల్లబోయారు. "బస్సులేంటండి, ఆయనెవరో తెల్ల పంచె కట్టుకుని కారులో పోలవరం దాకా వచ్చి మా చేతికిచ్చారండి. కారు గూడెం దాకా వెళ్తుందండి, మీరే వెళ్ళొచ్చు కదండీ అన్నాను. మా అమ్మాయి కారు వద్దన్నారండి, అన్నారు. మేము కదిలేదాకా బస్సు వెనకే నిలబడ్డారండి" అన్నారు.

బస్సు వెళ్ళిపోయింది. అమ్మాయి సంచి ఒళ్ళో పెట్టుకుని, మాకు వీపు తిప్పి, కొండకేసి చూస్తూ చాలాసేపు కూర్చుంది. నేను పిలవలేదు. తర్వాత లేచొచ్చి, కళ్ళు తుడుచుకోకుండానే, పట్టకారు ఎవరి దగ్గర ఉందిరా అని తమ్ముళ్ళని అడిగింది. సంచిలో బ్రేకుల సెట్లతో పాటు రెండు పానాలు, దూది, బెణుకుల మందు, కాలికి చుట్టే సాగే గుడ్డ ఉన్నాయి. బ్రేకులు కావాలన్నారంటే ఎవరో ఒకరు పడే ఉంటారని ఆయన ఊహించుకున్నారు కాబోలు. పిల్లలు ఆ పూటంతా కూర్చుని, ఒకటి బిగిస్తే ఒకటి ఊడుతూ, మొత్తానికి నాలుగింటికీ బ్రేకులు అమర్చారు. చీకటి పడేలోపు గూడెం పక్క వాలు మీద ముగ్గురూ దిగడం, ఆపడం, మళ్ళీ ఎక్కడం, అదే ఆట.

నేను కాలికి కట్టుతోనే మిగిలిన దారి వెళ్ళాను, ఎత్తుల్లో పిల్లలు నా సైకిలును తోశారు. చివరికి కొండల మధ్య గోదావరిని చూశాం. మా వైపు అవతలి ఒడ్డు కనిపించనంత వెడల్పున్న తల్లి, ఇక్కడ రెండు కొండల నడుమ ఒదిగి, కేకేస్తే అవతలి ఒడ్డున వినిపించేంత సన్నగా, నల్లగా, చప్పుడు లేకుండా పోతోంది. ఇది మన గోదావరేనా అమ్మా అని చిన్నాడు అడిగాడు. మేము నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాం. అమ్మాయి రాజమండ్రి మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

తిరిగొచ్చేసరికి బావగారు వసారాలో పేపరు చదువుకుంటున్నారు. నాకు, మా అక్కకు లోపల భయమే. కారు అడగలేదు, నిజమే, కానీ ఫోను చేసింది కదా, మాట తప్పినట్టా కాదా? ఆయన పేపరు మడిచి, నా కాలి కట్టు చూసి ఎలా ఉందండీ అని అడిగి, తర్వాత కూతురు వైపు తిరిగి, "హాస్టలుకు ఏమేం కావాలో మీ అమ్మగారితో చెప్పండి" అన్నారు. అని మళ్ళీ పేపరు తెరిచారు. పోలవరం వచ్చిన సంగతి ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ వారంలోనే తన చెరువుల మీద తిరిగే సైకిళ్ళన్నిటికీ బ్రేకులు వేయించారు. చెరువుగట్టు మీద బ్రేకులేంటండీ అని ఊరంతా నవ్వుకుంది.

అమ్మాయి రాజమండ్రిలో చదివింది, ఆపైన చేపల పెంపకం మీద పెద్ద చదువు చదివింది, ఇప్పుడు భీమవరం చుట్టుపక్కల రైతులు చెరువులో ఏ తేడా వచ్చినా ముందు ఆ అమ్మాయికే ఫోను చేస్తారు. వాళ్ళలో మా బావగారు కూడా ఒకరు. మేము దిగిన ఆ గూడెం ఇప్పుడు అక్కడ లేదు, పోలవరం ఆనకట్ట ముంపులోకి వస్తుందని ఎక్కడో దూరంగా వరుస ఇళ్ళు కట్టి వాళ్ళని తరలించారు. నాకు కాపడం పెట్టిన ఆ పెద్దావిడ ఏ వరుసలో, ఏ ఇంట్లో ఉందో, అసలు ఉందో లేదో కనుక్కోలేకపోయాను. ఆ బాధ నాకు ఉంది.

ఒక్క మాట మాత్రం మీతో చెప్పుకోవాలి. తోడు లేనిదే ఆడపిల్ల వెళ్ళకూడదన్న మాటను ఆ రోజుల్లో మనసులో ఎంత తిట్టుకున్నానో! ఇప్పుడా మాట పోయింది, పోవలసిందే. మొన్నటికి మొన్న మా అక్క మనవరాలు, పెద్దకూతురి బిడ్డ, స్నేహితురాళ్ళతో అరకు బయల్దేరుతుంటే, ఎవరైనా తోడు రావాలా అమ్మా అని అలవాటు కొద్దీ అడిగాను. ఎందుకండీ అమ్మమ్మగారూ, అందరం ఉన్నాం కదా అని నవ్వుతూ వెళ్ళిపోయింది. చూడటానికి ఎంత ముచ్చటగా ఉందో. గుమ్మంలో దాని తల్లి, పిన్ని, నేను, ముగ్గురం నిలబడి చేతులూపాం. దాని పిన్నికి, అంటే మా అక్క రెండో కూతురికి, ఇప్పుడు నలభై దాటాయి, ఇంతవరకూ ఇలాంటి ప్రయాణం ఒక్కటీ ఎరగదు. దాన్ని మాత్రం తోడు రమ్మని ఎవరూ అడగలేదు.